సత్యవతమ్మగారి మీటరు అద్దం

పిండిమర సత్యవతమ్మగారు పరమపదించారన్న వార్త మొన్న మంగళవారం పొద్దున్న, సామర్లకోటలో ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఫోనులో తెలిసింది. ముందురోజు సాయంత్రం దాకా మరలోనే ఉన్నారట. నిద్రలోనే వెళ్ళిపోయారట. పోయిన వారమే ఆవిడతో మాట్లాడాను, గొంతులో అలసట ఛాయ కూడా లేదు. ఆవిడ నాకు చుట్టం కారు. ఆవిడ మీటరు తప్పు చదివిన మనిషిని నేను. మా పరిచయం అలాగే మొదలైంది.

మా ఊళ్ళో నిడదవోలు రోడ్డులో కాలవ వంతెన దిగగానే కనిపించే రేకుల షెడ్డే ఆవిడ మర. భర్త అకాలమరణంతో ఆ బరువు నెత్తిన పడింది. ఆడమనిషి బెల్టులూ మోటార్లూ ఏం చూస్తుందని పెదవి విరిచినవాళ్ళే ఆరు నెలలు తిరక్కుండా డబ్బాలు పట్టుకుని ఆవిడ గుమ్మంలో వరస కట్టారు. ఒకరి సరుకు ఆడించాక మర ఆపి, లోపల మిగిలిన పిండంతా కుంచెతో దులిపి వాళ్ళ డబ్బాలోనే పోసేవారు. ఆ తర్వాతే రెండోవారి సరుకు. "ఒకరి పిండి ఇంకొకరి డబ్బాలోకి పోకూడదండి. పిడికెడైనా సరే" అనేవారు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నా ఆ నిష్ఠ సడలేది కాదు.

తొంభైల నడుమ ఒక వేసవి. నేను కరెంటాఫీసులో మీటర్లు చదివే కొత్త కుర్రాణ్ణి, తాత్కాలికపు ఉద్యోగం. ఆవకాయ రోజులు కావడంతో మరలో తెల్లారి మొదలు మిరపకాయలే ఆడుతున్నాయి. గుమ్మంలో కాలు పెట్టేసరికి ముక్కు, గొంతు, కళ్ళు ఒక్కసారి మండిపోయాయి. మీటరేమో లోపలి గోడకి ఉంది. అక్కడే నిలబడి, నాలుగు తుమ్ములు తుమ్మి, నీళ్ళు కారుతున్న కళ్ళతో కనిపించిన అంకెలు రాసుకుని బయటపడ్డాను. వేల స్థానంలో మూడు ఉంటే ఎనిమిది వేశాను.

బిల్లు రాగానే సత్యవతమ్మగారు దాన్ని మడత పెట్టి ఆఫీసుకు తెచ్చారు. ఇంజినీరుగారి ఎదురుగా నిలబడి, ఏ ఆవేశమూ లేకుండా చెప్పారు.

"అయ్యా, ఇందులో వేసిన అంకెకి నా మీటరు ఇంకా చేరలేదండి. చేరాలంటే ఇంకో ఏడాది మిరపకాయలు ఆడించాలి."

"రాసినదానికంటే మీటరు తక్కువ చూపిస్తోందంటే ఏంటమ్మా అర్థం? ఎవరో వెనక్కి తిప్పారన్నమాట" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, "లోపలికెళ్ళే చూశావా?" అని అడిగారు.

"ఆయ్, లోపలికెళ్ళే చూశానండి" అన్నాను.

సత్యవతమ్మగారు నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. బిల్లు మళ్ళీ మడత పెట్టుకుని బయటికి నడిచారు.

గడువులోగా కట్టకపోతే కనెక్షన్ తీసేస్తామని నోటీసు వెళ్ళింది. ఆవకాయ రోజుల్లో మర ఆగితే ఆ ఏటికి ఆవిడ జీవనం ఆగినట్టే. అంతకు మించి, మీటరు తిప్పిందట అన్న మాట బజారంతా పాకింది. ముందు కట్టేయమనీ, తప్పయితే తర్వాత సర్దుతామనీ ఆఫీసులో హితవు చెప్పారు. "కడితే తిప్పానని ఒప్పుకున్నట్టే కదండీ. నాకు తగ్గించొద్దు. వచ్చి చూడండి, అంతే" అన్నారావిడ. ఆ ఒక్క కోరికే గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసి, మూడుసార్లు ఇచ్చారు. గడువు తీరే రోజున కనెక్షన్ తీయించడానికే ఇంజినీరుగారు నన్నూ లైన్‌మన్‌నూ వెంటబెట్టుకుని బయల్దేరారు.

మర ఆడుతోంది. ఆపమన్నారాయన. "ఈవిడ సరుకు సగంలో ఉందండి. ఆపితే మళ్ళీ అంత మెత్తగా రాదు. రండి, లోపలికొచ్చి చూడండి" అన్నారు సత్యవతమ్మగారు. ఆయన రెండడుగులు వేశారు. తుమ్ములు అందుకున్నాయి. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వెనక్కొచ్చి, అక్కణ్ణించే మెడ సాచి మీటరు చూశారు.

"ఎనిమిదే కదమ్మా! ఇంకా ఏంటి తగువు?"

సత్యవతమ్మగారు మోటారు కట్టేశారు. కారం ధూళి అణిగేదాకా అందర్నీ బయటే ఆపారు. తర్వాత తడిగుడ్డతో మీటరు అద్దం తుడిచారు. గుడ్డ ఎర్రగా అయింది. "ఇప్పుడు చూడండి" అన్నారు. ఇంజినీరుగారు దగ్గరికెళ్ళి చూశారు. మూడు. సీళ్ళు తడిమి చూశారు, చెక్కు చెదరలేదు. వరసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సత్యవతమ్మగారు మాత్రం నవ్వలేదు. "అద్దం తుడుచుకోకపోవడం నా పొరపాటండి. రాసిస్తాను" అని అక్కడే రాసిచ్చారు. బిల్లు సరిచేశారు, కరెంటు ఉండిపోయింది. పనిలో పనిగా నా ఉద్యోగమూ ఉండిపోయింది.

ఏడాది తర్వాత ఉద్యోగం ఖాయమైన రోజున వెళ్ళి నిజం చెప్పాను. "అమ్మగారూ, ఆ రోజు నేను లోపలికి రాలేదండి."

"తెలుసు బాబూ. మర దగ్గర ఉన్నది నేనే కదా, నువ్వు తుమ్ముతుంటే చూశాను."

"మరి ఆఫీసులో చెప్పలేదేంటండి?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను. చెప్పలేదు. కోపం వచ్చింది, రాలేదనను. కానీ నీ ఉద్యోగం తీయించి నేను బిల్లు తగ్గించుకోవాలా?" అని, నాకు మజ్జిగ తెచ్చిచ్చారు.

ఆవిడంతటి ఓర్పూ, ఆ ఓర్పు చాటునున్న పంతమూ మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆవిడ లేని మరను మా ఊరివాళ్ళు ఎలా చూస్తున్నారో నాకు తెలియదు, నేనైతే వెళ్ళలేకపోతున్నాను. అయితే ఆఫీసు ఫైల్లో ఇప్పటికీ, వినియోగదారురాలు అద్దం శుభ్రంగా ఉంచనందువల్ల పొరపాటు జరిగిందనే ఉంది. అది నిజం కాదు. పదడుగులు లోపలికి నడిచి, నా రుమాలుతో అద్దం తుడిచి ఉంటే, ఒక మర్యాదస్తురాలు అన్ని రోజులు దొంగ అనిపించుకునేది కాదు. ఈ మాట ఆవిడ బతికుండగా, ఆవిడ గుమ్మంలో, డబ్బాలు పట్టుకున్న పదిమంది ముందు చెప్పవలసినవాణ్ణి. ఆవిడ క్షమించేశారు కదా అని ఊరుకున్నాను. ఊరు మాత్రం ఆవిడదే తప్పనుకుంటూ ఉండిపోయింది. అమ్మగారూ, ఆ తప్పు నాది. మీరు వినలేని రోజున చెబుతున్నాను.