మేనత్త జవాబివ్వని మాట

ఈ పొద్దున మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇద్దరు కుర్రాళ్లు దేవుడి విషయంలో గొడవకు దిగారు. నాలుగో మాటకే దేవుడు పక్కకు జరిగాడు. నీ చదువెంత, నీ బతుకెంత అనేదాకా వచ్చింది. ఫోన్ బోర్లా పెట్టి కూర్చుంటే మా మేనత్త గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లోని సంగతి. చిక్కడపల్లిలో చిన్నాయన వాళ్లూ మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మేనత్త అశోక్‌నగర్‌లో కిరాయి గదుల్లో ఒంటరిగా ఉంటూ బడిలో లెక్కలు చెప్పేది. భర్త పోయిన ఏడాది, చుట్టాల పలకరింపులన్నీ ఆగిపోయాక కూడా, నారాయణగూడ నుంచి ఇద్దరు ఆడవాళ్లు సాయంత్రాలు వచ్చి ఆమె పక్కన ఊరికే కూర్చునేవారు. కొన్నాళ్లకు ఆమె కూడా వాళ్లతో చర్చికి వెళ్లసాగింది. చిన్నాయనకు అది మింగుడు పడలేదు. ఆయన పూజ కానిదే మంచినీళ్లు ముట్టని మనిషి. టీవీలో వార్తలు చదివే ఆమెతో కూడా వాదించేవాడు. అక్కతో మాత్రం వాదించలేదు, తిట్టాడు.

అది నాయనమ్మ తద్దినం రోజు. చుట్టాలంతా హాల్లో ఉన్నారు. మేనత్త విస్తళ్లు తుడుస్తుంటే చిన్నాయన అందరికీ వినబడేలా, "మా అక్క ఒక చీరకు దేవుణ్ణి మార్చింది. ఆమె ముట్టిన ఇస్తరి నాకొద్దు" అన్నాడు.

మేనత్త చేతిలోని విస్తరి కింద పెట్టింది.

"తమ్మీ, నా నమ్మకం తప్పంటే చెప్పు, కూసొని ఇంట. నాకు తెలిసింది నేను చెప్త. చీర మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు."

ఆమె వెళ్లిపోతుందనుకున్నాం. వెళ్లలేదు. తద్దినం తన తల్లిది కూడా కదా. వరండాలో గోడకానుకుని చివరిదాకా కూర్చుంది. డిగ్రీ చదువుతున్న నాకు కోపం ఆగలేదు. "నువ్వు కూడా గట్టిగ అనాల్సింది అత్తమ్మా" అన్నాను. "వాని మాట వాని నోట్లనే ఉండనీ బిడ్డా. నా నోట్లకెందుకు?" అంది.

తర్వాత ఒక ఆదివారం చర్చివాళ్లు ఆమె ఇంట్లో పెట్టుకున్న ప్రార్థన అయ్యాక, తద్దినం నాటి సంగతి ఎలాగో తెలిసిన ఒక పెద్దావిడ, "రాళ్లకు మొక్కేటోళ్లకు తెలివెక్కడిది" అంది. నేనక్కడే ఉన్నాను. మేనత్త ఆమె వైపు తిరిగింది.

"అక్కా, మా నాయన మంచం పట్టినప్పుడు మా తమ్ముడు దేవుని ముందట తిండి మానేసి కూసున్నడు. నేను చూసిన. ఆయన మొక్కేది నేను మొక్క. కానీ ఆయనను తక్కువ చేసి నా ఇంట్ల మాట్లాడొద్దు."

ఆ తర్వాత ప్రార్థనలు ఇంకొకరింటికి మారాయి. ఒకప్పుడు పక్కన కూర్చున్న ఆ ఇద్దరూ రావడం తగ్గించారు. అన్న ఇల్లు, తమ్ముడి ఇల్లు అనుకున్న మా ఇంటికీ పిలుపు లేదు. ఆమె ఆదివారాలు ఒక్కతే చర్చికి నడిచి వెళ్లి, ఒక్కతే వచ్చేది. ఆ ఏడాది బాగా చిక్కిపోయింది.

ప్రార్థన రోజు విన్నది నేనే చిన్నాయనకు చెప్పాను. ఆయన "తిండి మానేసింది ఆమెకింకా యాదికుందా" అని మాత్రం అడిగాడు.

మరుసటి తద్దినానికి ముందు రోజు ఆయనే అశోక్‌నగర్ వెళ్లాడు. నన్నూ వెంట రమ్మన్నాడు, ఒక్కడికి ధైర్యం చాలక కాబోలు. గుమ్మంలో నిలబడి, "అక్కా, రేపు అమ్మ తద్దినం. నువ్వు రావాలె. ఆ రోజు నేనన్నది మనిషన్నోడు అనే మాట కాదు" అన్నాడు.

"కూసో" అంది మేనత్త.

చాయ్ తాగాక ఆయన మెల్లగా, "అసలు ప్రసాదం ఎందుకు తినవు, చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. గొంతులు పెరిగాయి, చీకటి పడింది, ఇద్దరిలో ఎవరూ అంగుళం జరగలేదు. లేచేటప్పుడు మాత్రం, "మిగిలింది రేపు మాట్లాడుదాం" అన్నాడు చిన్నాయన.

ఆ మిగిలింది ఏళ్లతరబడి మాట్లాడుకున్నారు. ఇప్పుడిద్దరూ లేరు. వాళ్ల వాదాల్లో ఒక్కటీ నాకు పూర్తిగా గుర్తు లేదు. తెగని ఆ వాదం కోసం వాళ్లిద్దరూ వారం వారం ఒకరికోసం ఒకరు ఎదురుచూసిన ఆ కాలం మాత్రం, గడిచేకొద్దీ ఇంకా దగ్గరగా కనిపిస్తోంది.