జనరల్ రిలీజ్‌కు నేను చెప్పిన అర్థం

ఆరోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చిన్నదే. రెండే రెండు ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పాను. ఆ దెబ్బతో మా బావ కొట్టు మునిగినంత పనైంది.

ఎనభైల తొలినాళ్ల సంగతి. మా అక్క మొగుడు మునిరత్నం తిరుపతిలో ఒక మద్రాసు కంపెనీ పేరుతో ఐస్‌క్రీం కొట్టు నడిపేవాడు. దాన్ని ఫ్రాంచైజీ అంటారట. పేరు వాళ్లది, మిషన్ వాళ్లు పంపింది, చెమట మాత్రం బావది. ఆ మిషన్ వచ్చిన రోజు నుంచే రోగిష్టిది. ఐస్‌క్రీం అడిగినవాడికి పాయసం పోసేది. మార్చమని బావ ఏడాదిగా ఉత్తరాలు రాస్తుంటే, కంపెనీవాళ్లు ఒప్పందం పొడిగిస్తామంటూ కొత్త కాగితాలు పంపారు.

బావ వాటిని నా ముందు పెట్టాడు. చెట్లు లేనిచోట ఆముదమే మహావృక్షం కదా. ఇంగ్లీషు లేని మా ఇంట్లో టైపిస్టునైన నేనే బారిస్టరును.

"ఈడ ఏందో లావు అక్షరాల్లో ఉండాది, సూడు బామ్మర్దీ."

"జనరల్ రిలీజ్."

"అంటే?"

తెలియదంటే నాలుక ఊడిపోతుందా? ఊడదు. అప్పుడు నాకు ఆ సంగతి కూడా తెలియదు.

"సినిమా రిలీజు లేదా బావా? జనరలంటే అన్ని ఊర్లకూ. కొత్త మిషన్లు అన్ని ఊర్లకూ ఒకేసారి వదల్తారు!"

"కింద ఇంత పొడుగు రాసిండారే?"

"ఊర్ల పేర్లయ్యుంటాయిలే."

వంటింట్లోంచి అక్క, "వకీలుకు ఒక తూరి సూపించరాదా?" అంది.

"నేనుండంగా వకీలెందుకక్కా?"

బావ సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నాది. గోతిలోకి తోసినవాడే గట్టున నిలబడి దీపం పట్టినట్టు.

నెల తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. బావ కాఫీ ఇప్పించి, "మిషన్ యాడుండాది సార్? లారీలో వస్తాండాదా?" అని వీధిలోకి తొంగిచూశాడు.

"ఏ మిషనండీ? మా మీదున్న ఫిర్యాదులన్నీ, తెలిసినవీ తెలియనివీ, వదులుకున్నట్టు రాసిచ్చినారు కదా!"

బావ నావైపు చూశాడు. ఆ చూపు మిషన్ మీద పడి ఉంటే లోపలున్నదంతా గడ్డకట్టేది.

మర్నాడే చిత్తూరుకు, వకీలు దగ్గరికి పరిగెత్తాం. ఆయన చదివి కళ్లజోడు తీశాడు.

"ఇది విడుదల పత్రం అప్పా. ఆస్తిలో నాకేం హక్కు లేదని తమ్ముడు అన్నకు రాసిస్తాడే, అట్లాంటిది. ఎవురు సదివినారు?"

"ఈ మహానుభావుడే" అన్నాడు బావ.

అలాంటి కాగితం నాకు కొత్తేమీ కాదు. మా చిన్నాయన రాసిచ్చిన విడుదల పత్రం మా ఇంటి పెట్టెలోనే ఉంది!

"దారే లేదా సార్?" బావ అడిగాడు.

"ఈ కాగితం ప్రకారం సంతకం నాటిదాకా ఉండే ఫిర్యాదులే పోయినాయి. తర్వాత కొత్తగా ఏమన్నా చెడితే అడగొచ్చు."

ఇక చూడండి మా తపస్సు! రోజూ ఆ మిషన్‌కు చెవి ఆనించి కొత్త జబ్బు కోసం కాచుకున్నాం. మొండి ఘటం, ఒక్కటీ తెచ్చుకోలేదు. పాత జబ్బుతోనే నిక్షేపంగా ఉంది.

కొట్టు మూతపడే దశకొచ్చింది. అప్పుడు బావ ముందు తప్పొప్పుకుని, చేత్తో తిప్పి ఐస్‌క్రీం చేసే కొయ్య పీపా ఒకటి కొన్నాను. ఆఫీసు వదలగానే వచ్చి, చుట్టూ ఐసూ ఉప్పూ కూరి, రెండు వేసవులు దాని పిడి తిప్పాను. కొట్టు నిలబడింది.

"కంపెనీ మిషన్ మార్చిందా మునిరత్నం?" అని ఎవరైనా అడిగితే బావ నా భుజం తట్టేవాడు.

"మారింది కదబ్బా, ఇదే! కరెంటు అక్కర్లేదు. నోరు మాత్రం తెరవనీయకూడదు."

బొబ్బలెక్కిన ఆ చేతులు జోడించే ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరు కాగితం చూపి అర్థమడిగినా 'నాకు తెలియదు' అని మూడుసార్లు చెప్పి, రిక్షా ఎక్కించి వకీలు దగ్గరికి పంపుతాను. రిక్షా బాడుగ నాదే.