వణికే చేతికి ఒక గొంతు

సెలూన్ మావయ్య తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ ముందు ఆస్పత్రి శవాల గదికి తీసుకెళ్ళేవాడు. అయినవాళ్ళకు అప్పగించే ముందు చనిపోయినవాళ్ళకు గడ్డం గీసే పని ఆయనదే.

"వీళ్ళు అరవరు, తిట్టరు, పక్క షాపుకి పోతామని బెదిరించరు. అలాగని లోకువ కట్టకండి. అడిగి చెయ్యండి," అనేవాడు.

అడగడమంటే నిజంగా అడగడమే. కళ్ళమీద తడిగుడ్డ కప్పి, చెవి దగ్గరికి వంగి, "అయ్యా, గడ్డం గీస్తాను, తల కొంచెం తిప్పుతున్నాను," అని చెప్పాలి. చెప్పాక ఒక్క ఊపిరి సేపు ఆగాలి. ఆ ఆగడంలోనే కుర్రాళ్ళ వెన్ను జలదరించేది. జవాబు ఎప్పుడూ రాలేదు. రాదని మాత్రం మావయ్య ఎవరికీ మాటివ్వలేదు.

చురుకైనవాణ్ణి పక్కన నిలబెట్టుకుని మేమే తీర్చిదిద్దామని చెప్పుకునే పెద్దమనుషులకు ఏ ఊళ్ళోనూ కొదవలేదు. వాడు ఎవరూ నేర్పకపోయినా నేర్చుకునేవాడే. మావయ్యకు ఆ యావ లేదు. వచ్చినవాడికి పని వస్తుందా రాదా అని ఆయన ఏనాడూ చూడలేదు. వచ్చాడా లేదా అన్నదే చూశాడు.

"మీది సెలూనా, సత్రమా?" అని అత్తయ్య దెప్పేది. "రేపో మాపో ఎవడో ఒకడు చెవి కోస్తాడు. అప్పుడు అతికించడం కూడా నేర్పుదురు గాని."

ఆ మాట చలిజ్వరం అనే కుర్రాడి గురించే. వాడి చేతులు ఎప్పుడూ వణుకుతుండేవి కాబట్టి తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. బేకరీ వాళ్ళు వెళ్ళగొట్టారు, సైకిల్ షాపు వాళ్ళు వెళ్ళగొట్టారు. ఇక్కడా పనికిరాకపోతే రాళ్ళ క్వారీలో పేలుడు మందు కూరే పనికి పంపేస్తానని వాడి అన్న తేల్చి చెప్పాడు. ఆ చేతులతో మందు కూరితే ఏమవుతుందో అన్నకూ తెలుసు, మావయ్యకూ తెలుసు.

విచిత్రమేమిటంటే, శవాల గదిలో వాడి చెయ్యి రాయిలా నిలిచేది. బతికున్నవాడు కుర్చీలో కూర్చుంటే చాలు, కత్తి గాలిలో ఈగలా కొట్టుకునేది.

మావయ్య గడ్డం గీసుకోవడం మానేశాడు. "ఏమిటిది, సన్యాసమా?" అంది అత్తయ్య. ఆయన నవ్వాడు. గడ్డం బాగా మాసిన తర్వాత, అన్న వచ్చి తేల్చుకుంటానన్న రోజు పొద్దున్నే శవాల గదికి వెళ్ళాడు. కాపలా మనిషి చేత ముఖమంతా దట్టంగా నురగ పూయించుకుని, కళ్ళమీద తడిగుడ్డ వేయించుకుని, దుప్పటి కింద రాతిబల్ల మీద పడుకున్నాడు. చలిజ్వరానికి కబురు వెళ్ళింది.

రాతి చలి వీపులోంచి గుండెదాకా పాకింది. పక్కబల్ల మీద నిజంగానే ఒకాయన ఉన్నాడు. ఎక్కడో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

అడుగుల చప్పుడు. చెవి దగ్గర వెచ్చని ఊపిరి. "అయ్యా, గడ్డం గీస్తాను, తల కొంచెం తిప్పుతున్నాను."

తర్వాత ఆగాడు. అడిగించుకునే వైపు నుంచి ఆ ఊపిరి సేపు ఎంత పొడుగో మావయ్యకు అప్పుడే తెలిసింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పెదవి బిగించాడు. అయినా పక్కబల్ల వైపు నుంచి ఎవరో సన్నగా "ఊఁ" అన్నట్టయింది. కుర్రాడు విన్నట్టు లేదు.

కత్తి చెంప మీద నీళ్ళలా జారింది. గొంతు మీదికి వచ్చింది. వణుకే లేదు.

"మీతో అయితే చెప్పుకోవచ్చు," అన్నాడు చలిజ్వరం గొణుగుతూ. "ఇవాళ మా మావయ్య నన్ను పంపించేస్తాడనుకుంటా. ఆయన తప్పేం లేదు లెండి. పాపం, చాలా చూశాడు."

మావయ్య గుటక మింగాడు.

శవాలు గుటకలు మింగవు. కదిలిన గొంతు కత్తికి తగిలింది. తెల్లని నురగలో ఎర్రని గీత పడింది. కత్తి నేలమీద ఖంగుమంది.

"రక్తం! ఈయనకి రక్తం వస్తోంది!"

"రాదా మరి? తప్పు నాదేలే, కదిలాను," అంది గుడ్డ కింది గొంతు.

కుర్రాడు గోడకు అతుక్కుపోయాడు. "మావయ్యా! బతికే ఉన్నారా?"

"ఉన్నట్టే ఉంది. కత్తి తీసి కడుగు. సగం గడ్డంతో పోతే మీ అత్తయ్య గుమ్మం తొక్కనివ్వదు."

"చెయ్యి వణుకుతోంది మావయ్యా."

"వణకనీ. ఇంతసేపూ గీసింది బతికున్నవాడి గొంతే కదరా."

ఆయన కళ్ళమీది గుడ్డ తీసేసి, వాడి ముఖంలోకి చూస్తూ తల వెనక్కి వాల్చాడు. రెండో చెంపకు చాలాసేపు పట్టింది. ఇంకో రెండు గాట్లు పడ్డాయి. చివరి గాటు మొదటిదానికంటే చిన్నది.

సెలూన్‌కు తిరిగొచ్చేసరికి అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మావయ్య మెడమీద అంటించిన కాగితం ముక్కలు చూసి, "చూశారా, నేను చెప్పలే? పదరా, క్వారీకి," అన్నాడు.

మావయ్య కుర్చీ దులిపాడు. "వాడు నా దగ్గరే ఉంటాడు. నీ గడ్డం మాసింది గానీ, కూర్చో నాయనా. వాడే గీస్తాడు."

అన్న తన గొంతు తడుముకున్నాడు. చలిజ్వరం అప్పటికే బ్రష్ తడుపుతున్నాడు.