అక్క కొలతలు

దర్జీ పిన్ని ఎక్కడికెళ్లినా మెడలో టేపు ఉండాల్సిందే. కొలతలు తీస్తూ ప్రతి ఆడమనిషినీ, "రొమ్ము పరీక్ష చేయించుకున్నావా?" అని నిలదీస్తుంది. పదేళ్ల కిందట తన అక్కకు జాకెట్టు కొలతలు తీస్తుంటే రొమ్ము దగ్గర చేతికి గడ్డ తగిలింది. అదేంటని అడిగితే, "నీ టేపు సంగతి చూసుకోవే!" అని అక్క నవ్వేసింది. తనూ నవ్వి ఊరుకుంది. ఏడాది తిరక్కుండా అక్క పోయింది. ఆ నవ్వు మాత్రం పిన్ని చెవుల్లో ఉండిపోయింది.

మొన్న ఆదివారం రొమ్ము క్యాన్సర్ అవగాహన పరుగుకు వెళ్లింది. చొక్కాకు తగిలించుకునే చీటీలో 'ఎవరి కోసం' అన్నచోట, అలవాటుకొద్దీ 'ముప్పై ఆరు, పద్నాలుగున్నర' అని రాసేసింది.

"పేరు రాయమంటే అంకెలేంటి పిన్నీ?" చీటీలిచ్చే అమ్మాయి నవ్వుతూ కొట్టేయబోయింది.

"ఉండనీవే. అది మా అక్క. ఆ కొలతలిక మారవు."

చీటీతో ఇచ్చిన పిన్నీసులు పక్కన పెట్టి, చీటీని నాలుగు మూలలా సూదితో కుట్టుకుని, పరుగులో కలిసింది.