స్టేజీకి వీపు పెట్టిన కుర్చీ

మా చిన్నాయన పోయాడని బేతంచెర్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. ఒత్తి వెలిగించి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే కోడుమూరు బస్టాండుకు బయలుదేరాను. ఏడుపు రాలేదు. రానిదాన్ని తెచ్చుకోలేదు.

ఆయన మా నాయనకు తమ్ముడు. బండలకు పాలిష్ పట్టే మిషన్లు నడిపేవాడు. పిల్లల్లేరు. ఉన్న పిచ్చి ఒక్కటే, ఊరూరా తిరిగే ట్రూపుల నృత్యనాటకాలు. మా వైపు వాటిని బ్యాలేలంటాం. కర్నూలులో, కడపలో, శివరాత్రికి మహానందిలో, ఎక్కడ ఆడినా ఈయన ముందు వరసలో ఉండేవాడు.

సంతాపసభలో ఒకాయన లేచి ‘కళాపోషకుడు’ అన్నాడు. దీపం పెట్టే చేత్తో అబద్ధం రాయలేను. మా చిన్నాయన కళను పోషించలేదు. కళాకారులను హడలగొట్టాడు.

తన కుర్చీ తానే తెచ్చుకునేవాడు. మడిచి చంకలో పెట్టుకునే ఇనుప కుర్చీ. ఆట నచ్చకపోతే లేచి వెళ్లిపోయేవాడు కాదు. కుర్చీని వెనక్కి తిప్పి, స్టేజీకి వీపు పెట్టి, మంగళం పాడేదాకా జనం ముఖాలు చూస్తూ కూర్చునేవాడు. మిషన్ల రొదకు చెవులు మందగించాయి. అందుకని గుసగుస అనుకుని ఆయన అన్న మాట చివరి వరసదాకా వినబడేది.

“ఏమప్పా, ఆ రాజు నడుస్తాండాడా, మూట మోస్తాండాడా?”

“ఊరుకో పెద్దాయనా, మేం చూడొద్దా?” అని వెనక నుంచి ఎవరో అంటారు.

“చూడు. ఆ పాపం నీకే.”

ఒకసారి విదేశీ బ్యాలే వచ్చిందని నన్నూ మా చెల్లెలినీ హైదరాబాదు తీసుకుపోయాడు. తెల్లబట్టల పిల్లలు కాలివేళ్ల కొసల మీద నిలబడి తిరుగుతున్నారు. నాకు గర్భగుడి ముందు నిలబడినట్టు ఉంది. ఈయన హాలంతా వినబడేలా, “నేలంటే అంత కోపమేమే ఈళ్లకు? తొక్కితే కదా తాళం!” అన్నాడు. అక్కడి కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. తిప్పడానికి కుదరక తానే వెనక్కి తిరిగి నిలబడ్డాడు. హాలువాళ్లు వచ్చి బయటికి పంపారు, మాతో సహా. ఆ ఆటలో మిగతా సగం నేను ఇప్పటికీ చూడలేదు.

అయినా మాకు చూడడం నేర్పింది ఆయనే. అది కాదనను. “మొగం చూడొద్దు పాపా, కాళ్లు చూడు. మొగంతో ఎవురైనా మోసం చేస్తారు” అనేవాడు. తిరుగు బస్సులో చనక్కాయలు ఒలిచి మా చేతుల్లో పోస్తూ, చూసిన ఆటంతా సీటు మీద వేళ్లతో కొట్టి చూపేవాడు. చెల్లెలికి నాట్యం వద్దని ఇంట్లో అంటే పోట్లాడి నేర్పించిందీ, గజ్జెలు తెచ్చిందీ ఆయనే. అందుకే నాకింత కోపం. పరాయివాడైతే మరిచిపోయేదాన్ని.

చెల్లెలు ఒక ట్రూపులో చేరింది. ఒక శివరాత్రికి వాళ్ల ఆట మహానందిలో పడింది.

“చిన్నాయనను పిల్చుకురా అక్కా. నా ఆట ఆయన ఒక్కసారి చూడల్ల” అని ఫోన్ చేసింది.

ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. చెల్లెలు అమ్మవారి వేషంలో స్టేజీ మీదికి వచ్చింది. స్పీకర్లోంచి పాట మొదలైంది. ఆయన స్టేజీ పక్కకు చూశాడు. మద్దెల లేదు, పాడే మనిషి లేడు. పాటగాళ్లను వెంట తిప్పుకునే శక్తి ఇప్పుడు ఈ ట్రూపులకు లేదు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినా లేచాడు. నేను పంచె పట్టుకున్నాను.

“చిన్నాయనా, మన పాప.”

“డబ్బా పాడతాంటే మన పాప ఎగరల్లనా? ఇడువు.”

కుర్చీ తిప్పాడు. ఆమె చూసింది. అడుగు మాత్రం తప్పలేదు.

కొంతసేపటికి స్పీకరు కీచుమని పాట ఆగిపోయింది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మా చెల్లెలు ఆగలేదు. పాట లేకుండా, ఉత్త గజ్జెల చప్పుడు మీదే ఆడింది. నేను చిన్నాయన వైపు చూశాను. చెప్పులు విడిచి పాదాలు నేలకు ఆనించి ఉన్నాడు. కుర్చీ చేతి మీద వేళ్లు తాళం వేస్తున్నాయి. ఆ చప్పుడు చెవులకు అందిందో, నేలలోంచి పాదాలకు అందిందో నాకు తెలియదు. ఆమె అడుగు పడ్డప్పుడల్లా ఆయన వేలు పడింది.

పాట మళ్లీ వచ్చింది. వేళ్లు ఆగిపోయాయి. కుర్చీ తిప్పితే పాట లేని ఆ కాసేపట్లోనే తిప్పాలి. తిప్పలేదు.

ఆట అయ్యాక చెల్లెలు రంగు తుడుచుకుంటూ, “ఇంతమంది ముందర నాకు ఈపు చూపించినాడు. ఇంక ఆయన ఉండే ఇంటికి నేను రాను. ఆయన మాట నాకాడ ఎత్తొద్దు” అంది. తర్వాత ఎప్పుడు ఎత్తబోయినా ఫోన్ పెట్టేసింది. ఆయనా ఆమెను పిలవలేదు. ఇద్దరిలో ఒకరి మనసైనా మెత్తబడాలని రోజూ మొక్కుకున్నాను. ఏళ్లు గడిచాయి. ఇద్దరూ మెత్తబడలేదు.

ఆయన దినం నాడు చెల్లెలు వచ్చింది. ఆయన లేని ఇల్లు కాబట్టి వచ్చింది. భోజనాలై బంధువులు వెళ్లిపోయారు. వసారాలో దండ వేసిన ఫొటో, గోడకు ఆనించిన ఆ కుర్చీ, మేమిద్దరం.

“పోయేముందర నా గురించి ఏమన్నా అన్నాడా అక్కా?”

“ఏమీ అనలే.”

తలూపింది. ఈసారి పెట్టేయడానికి ఫోన్ లేదు. ఆయన వేళ్ల సంగతి చెప్పాను. ఆమె కుర్చీ వైపు చూసింది.

“ఒక్క దెబ్బా తప్పలేదా?”

“తప్పలే.”

“మరి కుర్చీ తిప్పొచ్చు కదా.”

“తిప్పొచ్చు” అన్నాను. ఆయన తరఫున ఇంకేమీ చెప్పలేదు.

లేచి కుర్చీ విప్పింది. ఫొటో ముందుకు లాగి, ఫొటోకు వీపు పెట్టి కూర్చుంది.

“ఇప్పుడు నువ్వు చూడు చిన్నాయనా, నా ఈపు” అంది.

నేను దీపంలో నూనె పోయడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె అలాగే వెనక్కి తిరగకుండా కూర్చుని ఉంది. ఆయన పాలిష్ పట్టిన బండల మీద ఆమె ఉత్తపాదం తాళం వేస్తోంది.