పదహారు కాళ్ల చిప్పు

మార్తకు సాకెట్లంటే మొదటి నుంచీ ఓ పిచ్చి. పూడూరు దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, వికారాబాద్‌లో ఐటీఐ చదివి, హైదరాబాద్ శివార్లలో ఒక కంపెనీలో చేరింది. అక్కడ ఆమెది చిప్పులను పరీక్షించే పని. బోర్డు మీది నల్లటి సాకెట్టులో చిప్పును నొక్కాలి, పనిచేస్తుందో లేదో చూడాలి, ఊడదీసి ఇంకోటి నొక్కాలి. తోటివాళ్లు విసుక్కునే ఆ పని మార్తకు ఎంత చేసినా తనివి తీరేది కాదు. మంట లేదు, పొగ లేదు. వేలితో అదిమితే చాలు, కాళ్లన్నీ ఒక్కసారే రంధ్రాల్లోకి దిగి, బోర్డు మీద దీపం వెలిగేది!

పెళ్లయి తాండూరు వచ్చాక భర్త యోబు నాపరాళ్ల పాలిషింగ్ పనికి పోతుంటే, ఆమె బస్టాండు దగ్గర చిన్న గదిలో రిపేరు దుకాణం తెరిచింది. బోరు మోటార్ల స్టార్టర్లు, ఇన్వర్టర్లు వచ్చేవి. కాలిన చిప్పును టంకం కరిగించి ఊడబెరికి కొత్తది అతికించిన ప్రతిసారీ బోర్డు మీది రాగి గీతలు కొన్ని లేచిపోయేవి. రెండు మూడు రిపేర్లకే బోర్డు చెత్తబుట్ట పాలు. అది చూసి ఉండబట్టలేక, ముందు సాకెట్టును అతికించి దాంట్లో చిప్పును కూర్చోబెట్టడం మొదలుపెట్టింది.

"చిప్పుకు మళ్ల పీట ఎందుకే?" అని యోబు నవ్వాడు.

"రేపు గా చిప్పు కాలితె పీట గట్లనే ఉంటది. కొత్తదాన్ని కూసొవెడ్తే అయిపాయె!"

బషీరాబాద్ అవతలి ఊరి నుంచి కొండమ్మ వచ్చింది అప్పుడే. గొర్ల కాపరుల ఇల్లు వాళ్లది. భర్త శంకరప్ప మందతో ఊళ్లు తిరుగుతుంటే, ఆమె ఇంటి దగ్గర నాటుకోడి గుడ్లు పొదిగించే మిషను పెట్టుకుంది. పిడుగు పడ్డ రోజు దాని బోర్డు పోయింది. లోపలి హీటరును వేసే, ఆపే చిప్పు కాలింది. మార్త సాకెట్టు వేసి, కొత్త చిప్పు పెట్టి, ఇంకో చిప్పును నల్లటి స్పాంజి ముక్కకు గుచ్చి కొండమ్మ చేతిలో పెట్టింది.

"మళ్ల పోతె నువ్వే మార్చుకోవచ్చు అక్కా."

"నేనా! గొర్రెకు మందు తాపుమంటె తాపుత గని, గివి నాతోని అయితయా?"

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం మార్త ఫోను మోగింది.

"మార్తా! కోడిపిల్లలు లోపల్నుంచి గుడ్లను పొడుస్తున్నయి బిడ్డా! కరెంటు పోయొచ్చింది, మిషను సల్లవడుతుంది!"

"హీటరు వడేటప్పుడు టక్కుమని సప్పుడొస్తుందా?"

"ఏం వస్తలేదు!"

చిప్పు పోయిందని మార్తకు అర్థమైంది. సంచి భుజాన వేసుకుని ఆటోల దగ్గరికి పరుగెత్తింది. వాగు రోడ్డెక్కింది, ఈ పూట ఎవరూ పోరని డ్రైవర్లు తేల్చి చెప్పారు. ఎంత పరుగున వచ్చిందో అంతే పరుగున దుకాణానికి మళ్లి, వీడియో కాల్ చేసింది.

"మూత తియ్యకు అక్కా. మీద గొంగడి కప్పు. ఫస్టు ప్లగ్గు పీకి నాకు సూపెట్టు."

కొండమ్మ ఊడిన ప్లగ్గును ఫోను ముందు ఊపింది. ఫోనును ఇత్తడి బిందెకు ఆనించి, పక్కనున్న బోర్డు డబ్బా విప్పింది. మార్త తన బల్ల మీద ఇంకో సాకెట్టు పెట్టుకుని, తను చేసి చూపిస్తూ చెప్పసాగింది. చాకుమొన కింద పెట్టి అటు కొంచెం, ఇటు కొంచెం లేపమంది. పాత చిప్పు పుటుక్కున లేచి వచ్చింది.

"వచ్చింది! వచ్చిందే మార్తా!"

"ఇగ కొత్తది. కొసకు చిన్న గాటుంటది, కనవడుతుందా? సాకెట్టు మీద గూడ గసొంటి గాటే ఉంది. రెండూ ఒక్క దిక్కుండాలె."

"గొర్రె చెవికి ఏస్తం సూడు, గట్ల!" కొండమ్మ గొంతులో భయం పోయి హుషారొచ్చింది. "మంద కలిసిపోయినా గా గాటు చూసే పట్టుకుంటం. దొరికింది, దొరికింది!"

కాళ్లు కాస్త విచ్చుకుని ఉంటాయని, బల్లకు ఆనించి మెల్లగా లోపలికి వంచమని మార్త చెప్పింది. కొండమ్మ వంచింది. సాకెట్టు మీద పెట్టి బొటనవేలితో అదమబోయింది.

"ఆగక్కా! ఆగు!" మార్త కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఒక కాలు బయటికున్నది, జూడు!"

కొండమ్మ చిప్పును పైకి తీసింది. పిన్నీసు మొనతో వంకర పోయిన కాలును సరిచేసింది. ఇక్కడ మార్త చెయ్యి తనకు తెలియకుండానే గాలిలో అదే పని చేస్తోంది. పదహారు కాళ్లూ రంధ్రాల మీద వరుసగా నిలిచాయి.

"ఇప్పుడు ఒత్తు! రెండు దిక్కులా సమంగ ఒత్తు!"

కొండమ్మ ఒత్తింది. డబ్బా మూసింది. ప్లగ్గు పెట్టింది.

టక్!

"వినవడ్డదా?" ఇద్దరూ ఒకేసారి అరిచారు. హీటరు దీపం ఎర్రగా వెలిగింది. గొంగడి తీసి చూస్తే వేడి చూపించే తెర మీద అంకె ఒక్కొక్కటిగా పెరుగుతోంది. ప్రతి అంకెకూ కొండమ్మ చప్పట్లు కొట్టింది. మార్త దుకాణంలో ఒక్కతే గంతులు వేస్తుంటే పక్క కొట్టువాళ్లు తొంగిచూశారు.

మర్నాడు వాగు తగ్గగానే యోబు బండి మీద ఆమెను తీసుకుపోయాడు. మిషన్లో పసుపు, నలుపు, గోధుమ రంగుల పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ కీచుకీచుమంటున్నాయి. పగలని గుడ్లూ కొన్ని ఉన్నాయి. వాటిలోంచి పిల్లలు ఇక రావని కొండమ్మే చెప్పి, వాటిని పక్కకు ఏరింది. తర్వాత ఒక నల్ల పిల్లను తీసి మార్త అరచేతిలో పెట్టింది. అది గోరు మీద పొడిచేసరికి మార్తకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నాకు టంకం వెట్టుడు గూడ నేర్పు మార్తా," అంది కొండమ్మ. "మా వదినె కాడ గూడ గుడ్ల మిషనున్నది, దానికి పీట నేనే ఏస్త."

మార్త కాదంటుందా! తాండూరు వచ్చినప్పుడల్లా కొండమ్మ ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంది. మొదటి సాకెట్టుకు రెండు కాళ్లు టంకంతో అంటుకుపోయాయి. కరిగించి, తుడిచి, మళ్లీ అతికించింది. తను తెచ్చిన వదిన మిషను బోర్డు మార్త బల్ల మీద టక్కుమన్న రోజున కొండమ్మ వేసిన కేకకు బస్టాండులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు.