నీలం రాని కాగితం

1998. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, మొదటి అంతస్తులో ఉన్న చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులు. ఆ ఉద్యోగాలకి వచ్చిన పిల్లలతో పాటు కోస్తా నుంచి పెద్దవాళ్లూ వచ్చి మా కాలనీలో చేరుతున్నారు.

కామేశ్వరమ్మగారు అలా కాకినాడ నుంచి వచ్చినావిడే. లెక్కల టీచరుగా రిటైరయ్యారు, అరవై తొమ్మిదేళ్లు. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. మా మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగారు. ఇంట్లోవాళ్లు వయసన్నారు, ఆవిడా అదే అనుకున్నారు. డాక్టరుగారికి మాత్రం పేగుల్లో రక్తం కారుతోందేమోనని అనుమానం. అకల్ట్ బ్లడ్ పరీక్ష రాశారు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష అది. కాగితం మీద కొంచెం పూసి మందు చుక్క వేస్తే, రక్తం ఉంటే నీలమవుతుంది. మాంసం తిన్నా నీలం రావచ్చు కాబట్టి మూడు రోజులు మానమంటాం.

"మాంసం ఏమైనా..." అని నేను మొదలుపెట్టానో లేదో, "కార్తీకమాసంలో అడిగే మాటేనా అమ్మాయ్? ఉల్లిపాయ కూడా ముట్టను" అన్నారు.

నాకు తల తీసేసినట్టయింది. మాది క్రిస్టియన్ ఇల్లు. ఇంకేం అడిగితే ఏం తప్పో అని, ఏమేం తినకూడదో రాసి ఉన్న కాగితం సొరుగులోనే ఉంచేశాను. పరీక్షలో నీలం రాలేదు. నెగెటివ్ అని రాసి సంతకం పెట్టాను. డాక్టరుగారు ఐరన్ మాత్రలిచ్చి పంపేశారు.

వారానికి ఆవిడ ఒక సంచీ పట్టుకొచ్చారు. "ఉసిరికాయలే, తిను. ఈ నెలంతా రోజూ ఏడెనిమిది నములుతాను. పుణ్యమూ, ఆరోగ్యమూను."

ఆవిడ వెళ్లాక ఒకటి కొరికాను. పళ్లు పులిశాయి. అప్పుడు గుర్తొచ్చింది, సొరుగులోని కాగితంలో చివరి వాక్యం. సి విటమిన్ ఎక్కువైతే రక్తం ఉన్నా నీలం రాదు. ఉసిరికాయ నిండా ఉండేది అదే.

ల్యాబ్ యజమాని యాదగిరిగారికి చెప్పేశాను. "ఏందమ్మా, ఇచ్చిన రిపోర్టు తప్పని మనమే చెప్తే ఇగ ఎవరొస్తరు?" అన్నారు. తల గోక్కుని, మళ్లీ తనే "పో, చెప్పిరా. పానం కన్న ఎక్కువనా" అన్నారు.

ఆవిడ ఇంటికెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. ఉసిరికాయలు మాని మళ్లీ పరీక్ష చేయించుకోమన్నాను. కోప్పడలేదు గానీ మొండికేశారు. "నోము పట్టాను. నెల వెళ్లాక చూద్దాంలే. ముసలి పేగులకి ఇంత కంగారేం?"

"రక్తం నెల వెళ్లేదాకా ఆగుతుందా అండీ? ఉసిరికాయ మీద దీపం పెట్టుకోండి. నోట్లో మాత్రం మూడు రోజులు పెట్టకండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "దీపం సంగతి నీకెవరు చెప్పారు?"

"మా పక్కింటివాళ్లు పెడతారండి."

నవ్వేశారు. "సరే. మూడంటే మూడే. లెక్క తప్పితే ఊరుకోను."

నాలుగో రోజు చుక్క వేశాను. కాగితం ముదురు నీలమైంది. అంత భయంలోనూ, దొరికిందిరా దేవుడా అనుకున్నాను. పెద్దాసుపత్రిలో కొలొనోస్కోపీ చేశారు. అంటే సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూడడం. గడ్డ ఉంది, ఇంకా పాకలేదు. కోసి తీసేశారు.

మరుసటి కార్తీకంలో ఆవిడ మళ్లీ సంచీతో వచ్చారు. ఈసారి మెట్ల మీద ఎక్కడా ఆగలేదు. కూర్చుని మంచినీళ్లు తాగి, "పోయినేడు నేను కాయలు తేకపోయుంటే ఏమయ్యేదే?" అన్నారు మామూలుగా.

అప్పటిదాకా పెద్దవాళ్లని ఏం తినరో అడిగేదాన్ని. ఏం తింటారో అడగాలని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నీరసం వయసుదే అని ఎవరన్నా సరే, వాళ్లు విసుక్కున్నా సరే, కాగితం చివరి వాక్యం దాకా చదివి వినిపిస్తాను. ఉసిరికాయలు తింటున్నారా అని విడిగా అడుగుతాను కూడా.